పసరు రంగు గది

నాకు కుదురు తక్కువ. పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ "దీని కాళ్లకి చక్రాలున్నాయి" అని మా అమ్మ విసుక్కునేది. పెళ్లయి పర్చూరు దగ్గరి పల్లెకి కాపురానికి వచ్చాక ఆ చక్రాలు తిరగడానికి నాలుగు గదులూ ఒక వసారా మిగిలాయి. అవి తొంభైల చివరి సంవత్సరాలు. ఊళ్లో కొందరిది పత్తీ మిరపా, కొందరిది పొగాకు. మా అత్తవారిది పొగాకు ఇల్లు. ఇంటి పక్కన సిమెంటు కళ్లం, కళ్లానికి అవతల ఆకు కాల్చే బ్యారన్, ఈ మధ్యలో కాలుగాలిన పిల్లిలా నేను.

కుదురు లేకపోవడానికి సగం కారణం నా బుద్ధి. మిగతా సగం నా తల. ఒంటితలనొప్పి. ఎడమ కణత దగ్గర మొదలై కంటి వెనక్కి దిగబడేది. అది వచ్చిన రోజు వెలుతురు చూస్తే వాంతి. మా గది కిటికీ కళ్లం వైపు. పొద్దున పదయ్యేసరికి ఎండ ఆ సిమెంటు మీద పడి, కిటికీలోంచి దూరి, తెల్లసున్నం గోడల మీద నుంచి తిన్నగా నా కంట్లోకి వచ్చేది. తలుపులు మూస్తే ఉక్క. మూసినా సందుల్లోంచి వచ్చే ఆ కాస్త వెలుతురునీ సున్నం గోడలు గదంతా పరిచేవి. మంచం ఈ గోడ నుంచి ఆ గోడకి, ఆ గోడ నుంచి మూలకి జరిపేదాన్ని. అత్తయ్య చూసి, "ఈ పిల్ల మంచంతో తిరునాళ్లకి పోయేట్టుంది" అనేది.

గుంటూరులో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. సూది వేసి, లోపలి గదిలో గంటసేపు పడుకోమన్నాడు. ఆ గది గోడలు ముదురు ఆలివ్ పచ్చ. అప్పటికి ఆ పేరు నాకు తెలియదు. ఎండిపోబోయే గోంగూర ఆకులా, కాస్త పసుపూ కాస్త నలుపూ కలిసిన పచ్చ. కిటికీ తీసే ఉంది, బయట ఎండ కాస్తూనే ఉంది, కానీ గోడ మీద పడ్డ వెలుతురు అక్కడే ఆగిపోతోంది. నా తలలో దిగిన మేకు మెల్లగా పైకి వచ్చింది. సూది మహిమో గోడ మహిమో నాకనవసరం. లేచేసరికి నేను నిశ్చయించుకున్నాను, నా గదికి ఈ రంగు పడాలి.

తిరిగొస్తూ రంగుల కొట్టు ముందు మా ఆయన్ని ఆపాను. పాత రంగుల అట్ట ఒకటి అడిగి తీసుకుని, అందులో ఆ ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకున్నాను. ఇల్లు చేరాక అందరికీ చూపించాను.

"మిలిటరీ రంగు" అన్నాడు మా ఆయన.

"పేడనీళ్ల రంగు" అంది అత్తయ్య. "లక్షణంగా సున్నం కొట్టుకున్న ఇంటికి పేడ పులమడం ఏందే?"

మామయ్య ముక్కని చేతిలోకి తీసుకుని, దూరంగా పెట్టి చూశాడు. ఎండిపోబోయే గోంగూర రంగని నేను చెప్పాక మొహం మారిపోయింది.

"ఇది పసరాకు రంగు. నా ఇంట్లోకి రాకూడదు."

పసరాకు అంటే మా ఊళ్లో చావు కబురంత మాట. కోసిన ఆకుని కర్రలకి అల్లి బ్యారన్‌లో వేలాడదీస్తారు. కింద పొయ్యి. మొదట సన్న సెగ మీద ఆకు పసుపు రంగుకి తిరగాలి. పూర్తిగా తిరిగాకే సెగ పెంచాలి. తొందరపడి ముందే పెంచారో, ఆకులో పసరు అట్లాగే బిగుసుకుపోతుంది. ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా ఆ పచ్చదనం పోదు. వేలంలో దాన్ని ఎవరూ ముట్టుకోరు. లోపల ఉష్ణమాపకం వేలాడుతూనే ఉంటుంది కానీ, ఎప్పుడు సెగ పెంచాలో చెప్పేది మనిషి కన్ను. చుట్టుపక్కల నాలుగూళ్లలో ఆ కన్ను మా మామయ్యది. ఎవరి ఆకైనా ఆయన తలుపు తీసి, ఒక ఆకు తుంచి, వెలుతురుకి పట్టి "ఊఁ" అంటేనే పొయ్యిలోకి ఇంకో మొద్దు వెళ్లేది.

సరే, ఆయన వద్దన్నాడు కాబట్టి నేను ఊరుకోవాలి. ఊరుకోలేదు. అలిగాను, సాధించాను, అన్నం దగ్గర గిన్నెలు కాస్త గట్టిగానే పెట్టాను. ఏమీ పనిచేయలేదు.

ఒకరోజు మధ్యాహ్నం తలనొప్పి మళ్లీ పట్టుకుంది. గదిలో ఉండలేకపోయాను, వసారాలో ఉండలేకపోయాను. ఎటు తిరిగినా తెలుపు. కళ్లు సగం మూసుకుని కళ్లం దాటి వెళ్లి, ఖాళీగా ఉన్న బ్యారన్ తలుపు తోసి, లోపల నేల మీద పడుకున్నాను. ఏళ్ల తరబడి పొగ పట్టిన గోడలు. చీకటి. పాత ఆకు వాసన. ఎంతసేపు నిద్రపోయానో తెలియదు. ఈలోగా ఇంట్లో నేను కనపడక బావి దాకా వెళ్లి తొంగి చూశారట. చివరికి మామయ్యే బ్యారన్ తలుపు తీశాడు. నన్ను చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఏందమ్మాయ్ ఇది! మనిషన్నవాళ్లు పడుకునే చోటా?"

"ఇక్కడ నా తల ఊరుకుంది మామయ్యా" అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

ఆయన తువ్వాలు దులుపుకుని లేచాడు. "సరే. వేయిద్దాం నీ పసరు. కానీ రంగు నేను కలుపుతాను. వేసేదేదో సరిగ్గా వేయాలి."

రంగు వేసేది మసీదు వీధిలో ఉండే బాబాయి. నాకు చుట్టరికం లేదు, మామయ్య కంటే అయిదారేళ్లు చిన్నవాడు కాబట్టి బాబాయి. పొగాకు పని లేని నెలల్లో ఇళ్లకి రంగులు, ఆకు కాలంలో మా బ్యారన్ పొయ్యి దగ్గర కాపలా. ఇరవై ఏళ్లుగా మామయ్య పైన ఆకు చూసి "పెంచు" అంటే కింద ఆయన సెగ పెంచేవాడు. ఇద్దరి మధ్యా అంతకంటే ఎక్కువ మాటలు ఉండేవి కావు.

ఆకు కోతలు మొదలవడానికి నెల ముందు పని పెట్టాం. బాబాయి రెండు రోజులు గోడల మీద పాత సున్నం గోకాడు. లేకపోతే కొత్త రంగు పెచ్చులై ఊడొస్తుందన్నాడు. లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, గోడని చంకలో పిల్లని దువ్వినట్టు దువ్వాడు. మూడో రోజు బకెట్టులో తెల్ల రంగు పోసి, పసుపూ నలుపూ ఆకుపచ్చా రంగు సీసాలు వరసగా పెట్టాడు. మామయ్య కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

పచ్చ పడింది. నలుపు పడింది. పసుపు సీసాలో సగం పడింది. బాబాయి కర్రతో తిప్పుతూ, "పసుపు ఇంకా పట్టాలన్నా" అన్నాడు.

"చాల్లేరా. ఇప్పటికే ఎక్కువైంది."

నేను పర్సులోంచి ముక్క తీశాను. "మామయ్యా, ఒకసారి ఇది పక్కన పెట్టి..."

"ముక్క నీ దగ్గరే ఉంచుకో. పసరాకు రంగు నువ్వు నాకు చూపిస్తావా?" అని నవ్వాడు. కోపం కాదు, గర్వం.

"అట్ట మీద రాసి ఎండబెట్టి చూద్దామా అన్నా" అన్నాడు బాబాయి మళ్లీ.

"ఎండినాక ఎట్టుంటదో నాకు తెలవదంటరా? కానీ."

బాబాయి కర్ర తిప్పడం ఆపి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదు. ఏదో పనివాడి సణుగుడనుకున్నాను.

మర్నాడు గోడలు ఎండాయి. నేను గదిలోకి వెళ్లి గుడ్లప్పగించాను. అది ఆలివ్ కాదు. పసుపు జాడే లేదు. సీసా పెంకు రంగు, సిరా ఒంపినట్టు నీలం కొట్టే ముదురు పచ్చ. ముక్క గోడకి ఆనించాను. పోలికే లేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. ముందు బాబాయి దగ్గరికి వెళ్లి ముక్క ముఖం మీద పెట్టినంత పని చేశాను.

"ఈ ముక్కకీ ఆ గోడకీ పోలికుందా బాబాయ్? నువ్వే చెప్పు!"

ఆయన కుంచెలు కడుగుతున్నాడు. నీళ్లు పారబోసి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"నువ్వూ చూశావు గదా తల్లీ. నా చేతిలో పని చెడలేదు. పెద్దాయన కంట్లో ఏదో తేడా వచ్చింది. ఆయనకి లేని పసుపు కనపడతా ఉంది. బ్యారన్ ఎక్కించేలోపల గుంటూరు తీసుకెళ్లి చూపించమని మీ ఆయనతో చెప్పు. నేను అనలేను. ఆ కన్ను చూసి పని నేర్చుకున్నోణ్ణి, ఆ కన్ను తప్పిందని ఏ నోటితో అనేది?"

"అదేం కాదులే బాబాయ్" అన్నాను ముందు. ఆయన పట్టువదలకుండా చూస్తుంటే, "సరే, చెప్తాలే" అన్నాను.

వసారాలోకి వెళ్లి మామయ్యని గదిలోకి పిలిచాను. ముక్క గోడ మీద పెట్టి, "రెండూ ఒకటేనా మామయ్యా?" అని అడిగాను. ఆయన దగ్గరికి వచ్చి, వెనక్కి జరిగి, తృప్తిగా తలూపాడు. "అచ్చు గుద్దినట్టు వచ్చింది. చూశావా మరి?"

బాబాయి అన్నది నిజమే. ఆ రోజు రాత్రి అన్నంలో, "ఏంది, పెరుగులో పసుపు పడిందా?" అని అడిగాడాయన. అత్తయ్య ఇంతెత్తున లేచింది. "తెల్లటి పెరుగుకి వంకలు పెట్టకండి!" ఆయన నవ్వేసి కలుపుకున్నాడు.

చెప్పాలి. ఎవరికి? మా ఆయనకి చెబితే, "నాన్న కన్నుకా? నీకేమైనా పిచ్చా?" అంటాడు. అత్తయ్యకి చెబితే, రంగు నచ్చక తన మొగుడి కన్నుకి వంక పెట్టానని ఊరంతా టముకేస్తుంది. ఇవన్నీ పైకి చెప్పుకున్న కారణాలు. అసలుది వేరే ఉంది. రంగు తప్పే, కానీ ముదురు రంగే. ఆ గదిలో నా తల కొంచెం ఊరుకుంటోంది. పేచీ మొదలైతే గోడల మీద మళ్లీ సున్నం పడుతుంది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అంటూ నెట్టుకొచ్చాను. గదిలో అటూ ఇటూ తిరుగుతూ మనసులో వందసార్లు చెప్పాను. నోటితో ఒక్కసారీ చెప్పలేదు.

ఆకు కోతలొచ్చాయి. మొదటి బ్యారన్ ఎక్కించారు. మామయ్య తలుపు తీసి ఆకు తుంచి చూసి, "తిరిగింది. పెంచు" అన్నాడు. కిటికీలోంచి నాకు అంతా కనపడుతోంది. బాబాయి వెంటనే కదలలేదు. "ఇంకో పూట ఆగుదామా అన్నా" అన్నాడు. "పెంచరా" అన్నాడు మామయ్య. పెంచాడు.

నాలుగు రోజుల తర్వాత కర్రలు దింపితే ఆకంతా పసరు.

ఇంట్లో పొయ్యి వెలగలేదు. మామయ్య ఎరువుని తిట్టాడు, కట్టెని తిట్టాడు, మంచుని తిట్టాడు. అత్తయ్య మాత్రం తిన్నగా నా గది గుమ్మం ముందుకొచ్చి నిలబడింది.

"నట్టింట్లోకి పసరు తెచ్చి పూసుకుంది మహాతల్లి! ఇంట్లోకొచ్చింది బ్యారన్‌లోకి రాదా? ఈ గోడలకి సున్నం కొట్టించకపోతే నేను ఈ ఇంటి మనిషినే కాదు."

ఒళ్లు మండిపోయింది. నాలుక చివరి దాకా వచ్చింది, నా గోడ కాదు అత్తయ్యా, మీ ఆయన కన్ను అని. మింగేశాను. కూలివాళ్లు ఆకు పనిలో ఉన్నారు కాబట్టి సున్నం వాయిదా పడింది. రోజుకి నాలుగుసార్లు ఆమె గుమ్మంలోకి వచ్చి గోడల్ని చూసి పళ్లు నూరి వెళ్లేది. నేను ఆ గోడలకి వీపు ఆనించి కూర్చునేదాన్ని, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు.

రెండోసారి మా బ్యారన్‌లో పక్కింటి రైతు ఆకు ఎక్కించారు. మామయ్య కన్ను మీద నమ్మకంతో తెచ్చుకున్నాడు ఆ మనిషి. మళ్లీ అదే "పెంచు". మళ్లీ బాబాయి ఒక్క క్షణం ఆగడం. తలుపులు తీసిన రోజు కళ్లం మీద పదిమంది దాకా చేరారు. పసరాకు కర్రలు వరసగా పరిచారు. పక్కింటి రైతు ఆకుని చేత్తో నలిపి, మామయ్య మొహం చూసి, మళ్లీ ఆకు చూశాడు. ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే మామయ్యని నిలబడనివ్వలేదు.

"ఒరేయ్!" అని అరిచాడు బాబాయి మీదికి. "సన్న సెగ పెట్టమంటే మంట పెట్టావు గదరా! పొయ్యి దగ్గర కునికిపాట్లు పడతా మొద్దులు కూరావు! ఇరవయ్యేళ్లు అన్నం పెట్టిన చెయ్యి, దానికి పసరు పూశావు!"

బాబాయి నిలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లు గుసగుసలాడారు. ఆయన తలెత్తి మామయ్యని చూడలేదు. మా కిటికీ వైపు చూశాడు.

నేను అక్కడే ఉన్నాను. చువ్వలు పట్టుకుని. ఒక్క మాట చాలు. "ఆగండి మామయ్యా" అంటే చాలు. కానీ నా లోపల ఏదో తేలికపడింది. సిగ్గు విడిచి చెబుతున్నాను. తప్పు పొయ్యి దగ్గరి మనిషిదైతే నా గోడది కాదు. సున్నం పడదు. గది నాదే.

చెయ్యి చాపి కిటికీ తలుపులు మూసేశాను.

సందులోంచి చూశాను. బాబాయి చేతిలోని ఇనప ఊచని పొయ్యి పక్కన ఆనించి పెట్టాడు. తువ్వాలు తలకి చుట్టుకున్నాడు. కళ్లం మీద పరిచిన ఆకు తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా మార్టూరులో రాయి పాలిష్ పట్టే చోట పనికి కుదిరాడని తెలిసింది. మా ఊళ్లో ఆయన్ని ఎవరూ పొయ్యి దగ్గరికి పిలవలేదు మరి.

అత్తయ్య ఆ రోజు నుంచి గోడ మాట ఎత్తలేదు.

మూడోసారి పొయ్యి దగ్గర కొత్త మనిషి. ఆకు మాత్రం పసరు పడింది.

ఈసారి ఎవరూ అరవలేదు. సాయంత్రం మామయ్య వసారాలో ఒంటరిగా కూర్చుని ఒక ఆకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఎండకి పట్టి చూస్తున్నాడు, నీడకి తెచ్చి చూస్తున్నాడు. నేను కాఫీ పెట్టి వెళ్లబోతుంటే పిలిచాడు.

"అమ్మాయ్. ఇది పసరేనా?"

నాలుగూళ్లకి కన్నైన మనిషి నన్ను అడుగుతున్నాడు.

"పసరే మామయ్యా."

"నాకు పసుపుగానే ఉంది" అన్నాడు మెల్లగా.

ఇక ఆగలేదు నేను. మర్నాడే, నా తలనొప్పికి డాక్టరు రమ్మన్నాడని అబద్ధం ఆడి, తోడు రమ్మని ఆయన్ని బస్సెక్కించాను. చిలకలూరిపేట మీదుగా గుంటూరు చేరాం. కంటి ఆసుపత్రి ముందు ఆగితే నా వైపు చూశాడు కానీ, ఎందుకని అడగలేదు. డాక్టరు లైటు వేసి చూసి చెప్పాడు. రెండు కళ్లలోనూ శుక్లం బాగా ముదిరి గోధుమరంగుకి తిరిగిందట. పసుపు అద్దం వెనక నుంచి లోకాన్ని చూస్తున్నట్టేనట. "ఎన్నాళ్లుగా ఇట్లా నెట్టుకొచ్చారు పెద్దాయనా?" అంటే మామయ్య నేల చూపులు చూశాడు.

ముందు కుడి కంటికి ఆపరేషన్ చేశారు. నల్ల కళ్లద్దాలతో ఇంటికొచ్చాక వెలుతురు పడక విలవిల్లాడాడు. వసారాలో ఉండలేకపోయాడు, నడవలో ఉండలేకపోయాడు. చివరికి నా గది గుమ్మంలోకొచ్చి, "కాసేపు ఇక్కడ పడుకోనా అమ్మాయ్?" అన్నాడు. పక్క దులిపి వేశాను. పేడనీళ్ల రంగని తిట్టిన అత్తయ్యే ఆ గదికి ఆయన కంచం మోసుకొచ్చింది.

పది పదిహేను రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం మజ్జిగ తీసుకుని గదిలోకి వెళితే ఆయన అద్దాలు తీసేసి మంచం మీద కూర్చుని ఉన్నాడు. అరచేత్తో కుడి కన్ను మూసుకుని గోడని చూశాడు. తర్వాత ఎడమ కన్ను మూసుకుని చూశాడు. మళ్లీ కుడి. మళ్లీ ఎడమ. చిన్నపిల్లల ఆటలా మొదలైంది. కాసేపటికి లేచి గోడ దగ్గరికి వెళ్లి మళ్లీ చూశాడు.

"ఈ కంటికి నేను కలిపిన రంగే ఉంది" అన్నాడు ఎడమ కన్ను చూపిస్తూ. "ఈ కంటికి సిరా. ఇందులో పసుపేదమ్మాయ్? వాడు వేస్తానన్న పసుపేది?"

నేను గ్లాసు కింద పెట్టాను.

"మూడు బ్యారన్లు" అన్నాడు. "వాడు ఆగుదామన్నాడు. వాడున్న రెండుసార్లూ ఆగాడు. పదిమందిలో వాణ్ణి..." కాసేపటికి తలెత్తాడు. "నీకెప్పుడు తెలిసింది?"

అడగకూడని ప్రశ్న అడిగాడు. గోడ ఎండిన రోజే తెలుసు. చెప్పమని బాబాయి బతిమాలాడు కూడా.

"మొన్న మీరు వసారాలో ఆకు చూపించి అడిగారు చూడండి మామయ్యా, అప్పుడే" అన్నాను.

ఆయన నమ్మాడు. "నువ్వు నయం. వెంటనే తీసుకెళ్లావు" అన్నాడు. ఆ మాటకి నేను చచ్చిపోయాను.

ఎండలో తిరగొద్దని డాక్టరు చెప్పినా వినకుండా మర్నాడు పొద్దున్నే నల్లద్దాలు పెట్టుకుని మార్టూరు బస్సెక్కాడు. వెంట వెళ్లిన మా ఆయన తర్వాత చెప్పాడు. రాళ్ల మీద నీళ్లు కొడుతూ బురదలో నిలబడి ఉన్నాడట బాబాయి. మామయ్య పనివాళ్లందరి ముందూ ఆయన చేతులు పట్టుకుని, "తప్పు నీది కాదురా, నా కంటిది. ఊళ్లో చెప్పే వచ్చాను" అన్నాడట. నిజమే, బస్సెక్కే ముందు పక్కింటి రైతు గడపలోకి వెళ్లి చెప్పి మరీ వెళ్లాడు. బాబాయి తల అడ్డంగా ఊపి, "దానికేముందన్నా, కన్ను బాగుంటే చాలు" అన్నాడట. వచ్చే ఏడాది ఆకు నీ కంటితోనే చూద్దువుగాని రమ్మంటే మాత్రం రానన్నాడు. "బ్యారన్ వద్దన్నా. ఆ గోడ ఒక్కటి సరిచేసి వెళ్తా. అది నా చేత్తో వేసింది."

ఆదివారం వచ్చాడు. సన్నబడ్డాడు. గోళ్ల సందుల్లో రాతిపొడి. మళ్లీ బకెట్టు, మళ్లీ సీసాలు. మామయ్య ఈసారి కుర్చీ వేయించుకోలేదు, పక్కనే గొంతుక్కూర్చున్నాడు. నా ముక్క అడిగి తీసుకుని బకెట్టు అంచుకి ఆనించి పట్టుకున్నాడు.

"చాలా అన్నా?" అని అడిగాడు బాబాయి అలవాటుకొద్దీ.

"నువ్వే చెప్పరా" అన్నాడు మామయ్య.

పసుపు పడింది. ఇంకాస్త పడింది. అట్ట ముక్క మీద రాసి ఎండలో పెట్టి, ఎండేదాకా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూశారు. సాయంత్రానికి గోడలు పూర్తయ్యాయి. అదే. గుంటూరులో చూసిన రంగే. ఎండిపోబోయే గోంగూర ఆకు రంగు. వెలుతురు పడితే మెత్తగా లోపలికి తీసుకుంటోంది. ఇంత తిరిగి, ఇంత పోరి, చివరికి నాకు కావలసింది అణువు తేడా లేకుండా వచ్చింది.

బాబాయి కుంచెలు కడిగి, కాఫీ తాగి, వెళ్లేముందు గదిలోకి ఒకసారి వచ్చాడు. మామయ్య వసారాలో ఉన్నాడు. మా ఇద్దరమే.

"బాబాయ్, ఆ రోజు నేను..."

"ఎందుకులే తల్లీ" అన్నాడు. ఆయన నన్ను చూడటం లేదు, గోడని చూస్తున్నాడు. ఏదో మూల కుంచె వెంట్రుక అంటుకుని ఉంటే గోటితో తీసేశాడు. "పెద్దాయనకి నేనేమీ చెప్పలేదు. చెప్పను కూడా."

గుమ్మం దాటబోతూ ఆగి, కిటికీ వైపు చెయ్యి చూపించాడు.

"తలుపులు తీసే ఉంచు. రంగు ఆరాలి. ఆ రోజులాగా మూసెయ్యబాకు."

అంతే. చెప్పులేసుకుని కళ్లం మీదుగా నడిచి వెళ్లిపోయాడు. మళ్లీ మా ఇంటికి పనికి రాలేదు.

రంగు రెండు రోజుల్లో ఆరిపోయింది. ఆ ఇంట్లో నేను ఇంకా ఏడేళ్లు ఉన్నాను. మిరపకాయలు ఎండే రోజుల్లో, నడి ఎండాకాలంలో, తల పగిలిపోయే మధ్యాహ్నాల్లో కూడా ఆ మంచం మీద పడుకుని ఆ గోడలనే చూశాను. అంత చక్కటి రంగు ఎవరింట్లోనూ లేదని చూసినవాళ్లంతా అనేవాళ్లు. కిటికీలోంచి కళ్లం మీది వెలుతురు తిన్నగా నా కంట్లో పడుతూ ఉండేది. "మూసుకోరాదే, మూర్ఖత్వం కాకపోతే" అని అత్తయ్య కేకలేసేది. నేను గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని, మళ్లీ ఇటు తిరిగేదాన్ని. ఆ తలుపులు మాత్రం మూయలేకపోయాను.